మూడు సెకన్ల చేను

రేణిగుంట నుంచి గన్నవరం
గాలిలో మూడు నూర్ల యాభై కిలోమీటర్లంట.
టికెట్టు మింద రాసుండేది యాభై ఐదు నిమిషాలు.
"బస్సులో అయితే రాత్రంతా, దొరసామీ.
నిద్రమొగంతో నువ్వు సాక్ష్యం చెప్తే నాకే నష్టం"
అని వకీలు హేమాద్రి కాగితాలు చేతిలో పెట్టినాడు,
ఒకటి నాకు, ఒకటి చెంగమ్మకు.

నేను సర్వే ఆఫీసులో చైనుమేనుగా చేసినోణ్ణి.
ముప్పై మూడేండ్లు ఇనప గొలుసు ఈడ్చినా.
నూరు లంకెలు, అరవై ఆరు అడుగులు.
కిలోమీటరంటే నాకు ఇప్పటికీ పరాయి మాటే.
హాల్లో చల్లగా కూర్చోని టికెట్టు వెనకాల లెక్కేసినా:
గన్నవరం, పదిహేడు వేల నాలుగు నూర్ల గొలుసులు.
ముళ్ళకంపలు, వంకలు, కరిచే కుక్కలు,
సర్వేయరు కాఫీ తాగొచ్చేదాకా ఎండలో నిలబడేది
అంతా కలిపి రోజుకు నలభై గొలుసులు పడతాది.
ఆ లెక్కన ఏడాదీ రెండు నెల్లా పది దినాలు.
పెన్నలో నీళ్ళుంటే ఇంకో వారం.

సెక్యూరిటీ కాడ నా సంచిలో ఒక లంకె దొరికింది,
రిటైరైన దినం తెగిన గొలుసులోంచి తీసిపెట్టుకున్నది,
జానెడు ఇనుము.
ఇదేందని ఆ పిల్లోడు హిందీలో అడిగినాడు.
చెంగమ్మ తెలుగులో చెప్పింది:
"నా చేను కొలిచింది నాయనా అది."
వాడు తిప్పి తిప్పి చూసి ట్రేలో పెట్టేసినాడు.

రన్‌వే పొడుగు చేసేటప్పుడు పోయింది ఆ చేను.
తూరుపు కొస. శనక్కాయ.
పొడుగు పదకొండు గొలుసులు, వెడల్పు మూడు.
మూడెకరాల ముప్పై సెంట్లు అని నేనే అరిచి చెప్పినా,
సర్వేయరు రాసుకున్నాడు.
ఫైలు చిత్తూరు చేరేసరికి సున్నా ముందుకు జరిగింది:
మూడెకరాల మూడు సెంట్లు.
ఎనబై కిలోమీటర్ల దావలో
ఇరవై ఏడు సెంట్లు యాడ జారిపోయినాయో
వెతకను మొదలుపెట్టి పంతొమ్మిదేండ్లు.

విమానం మెల్లగా మలుపు తిరగతా వుంటే
చెంగమ్మ నా మోచెయ్యి పట్టుకునింది.
"ఇది నా చేను మింద ఎంతసేపు పోతాదబ్బా?"
"మూడు సెకన్లు."
"మూడంటే?"
"మడక వెనకాల నువ్వు గింజలేస్తా పోతే
రెండు గింజలు పడేంత సేపు."
ఆమె వంగి చెప్పులిప్పి
రెండూ వొళ్ళో పెట్టుకునింది.
యూనిఫారం పాప వొచ్చి, కింద పెట్టండమ్మా అనింది.
"చేలో చెప్పులేసుకోని ఎప్పుడన్నా తిరిగినానా?"
పాప ఏమీ అనలేక బెల్టు బిగించి పోయింది.

పరుగు. నేను లెక్కపెడతా వుండా,
ఒకటి,
రెండు,
ముందరి చక్రం లేచింది.
మూడుకు ఆమె చెయ్యి నా మోచేతి మింద లేదు.
అద్దం మింద వుంది, అయిదు వేళ్ళూ పరిచి.
ఆ తర్వాత రోడ్లు, రైలు కట్ట, చెరువులో ఆకాశం,
గట్లన్నీ పిల్లోడు గీసిన గీతల మాదిరి.
గొలుసుకు పని లేదు అంత పైన.

కోర్టులో మా పేరు పిలిచినారు.
అవతల వకీలుకు జరమంట.
వాయిదా.
లోపలికి పోయి బయటికొచ్చేదానికి నాలుగు నిమిషాలు.
లంకె సంచిలోనే వుండిపోయింది.

తిరిగి వొచ్చేదానికి విమానం టికెట్టు హేమాద్రి కొనలేదు.
రాత్రి బస్సు. చెంగమ్మ చెప్పులేసుకోనే
కిటికీకి తలానిచ్చి నిద్రపోయింది.
ఒంగోలు దాటినంక లేచి, చీకట్లో అడిగింది:
"ఆ మూడు సెకన్లలో
ఇరవై ఏడు సెంట్లు ఎంతవుతాది?"

వేళ్ళ మింద లెక్కేసినా. పావు సెకను.
పావంటే ఎట్ల చెప్పేది?
"రెప్ప కొట్టినంత" అన్నా.
"అంతేనా" అనింది.
నెల్లూరు లైట్లు కనపడేదాకా
కండ్లు మూయకుండా
అట్లే కూర్చోనుండింది.